శనివారానికీ మంగళవారానికీ నడుమ

యాత్ర అనగానే మా శ్రీకాకుళం సీమలో ఎవరికైనా ముందుగా జ్ఞప్తికి వచ్చేవి అరసవల్లి, శ్రీకూర్మం, సింహాచలం. ఇంకాస్త దూరం పోదలచినవారికి పూరీ. దైవదర్శనానికో, పెండ్లికో, వైద్యానికో రైలెక్కడం మాకు అలవాటే. పదకొండుగురు ఒక పక్షాన, పదకొండుగురు మరొక పక్షాన నిలిచి ఒక బంతిని తన్నుకుంటూ ఉంటే చూడడం కోసం రెండువందల నలభై కిలోమీటర్లు పోయి రావడం యాత్రలలో జమ కాదని మా వీధిలో పెద్దలు తీర్పు చెప్పారు. ఆ తీర్పును శిరసావహించి, దానికి వట్టి ప్రయాణమనే పేరే ఉంచి, 2024 జనవరి 28వ తేదీ ఆదివారం ఉదయం మేము నలుగురము పలాస స్టేషనులో భువనేశ్వరం పోయే బండి ఎక్కాము. ఆ రాత్రి అక్కడి కళింగ క్రీడాప్రాంగణంలో సూపర్ కప్ ఫుట్‌బాల్ పోటీల అంతిమ ఆట. ఒక వైపు ఒడిశా జట్టు, మరొక వైపు కలకత్తా నుండి వచ్చిన ఈస్ట్ బెంగాల్ జట్టు.

నలుగురము ఎవరెవరమో చెప్పాలి. ఈ ప్రసంగం చేస్తున్న మేము బడిపంతులు ఉద్యోగం నుండి విరమించినవారము. రెండవవాడు మా మిత్రుడు. వజ్రపుకొత్తూరు వైపు పల్లెవాడు, ఇరవై ఏళ్ళకు పైగా జీడి బట్టీలలో పనిచేసి, జీడిపిక్కల రసానికి వ్రేళ్ళు నల్లబడినవాడు. మూడవవాడు ఆయన కుమారుడు, ఇంటర్మీడియట్ చదువుతున్నవాడు. నాలుగవవాడు ఇంటిలో ఒరియా, వీధిలో తెలుగు మాట్లాడే మా మందస చుట్టుప్రక్కల మనిషి, జీడిపప్పు వర్తకుడు. మిత్రుడూ ఈయనా ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. చుట్టరికం ఏమిటని అడిగితే ఇద్దరూ తడుముకుంటారు.

ఈ ప్రయాణమంతా మా మిత్రుని కోసం ఏర్పడినది. ఆయన మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానివేసి మూడు సంవత్సరాలైంది. మంగళవారం, గురువారం, శనివారం, వారానికి మూడు మార్లు, మారుకు నాలుగు గంటల చొప్పున ఆయన రక్తం డయాలిసిస్ యంత్రంలోనికి పోయి శుభ్రపడి తిరిగి వస్తుంది. ఆ యంత్రం చేసే పని మన దేహంలో మూత్రపిండాలు రేయింబవళ్ళు ఎడతెగకుండా చేస్తూ ఉంటాయి. వారానికి పన్నెండు గంటలలో ఆ పనిని ముగించవలసి వచ్చినప్పుడు మిగిలిన గంటలన్నింటిలోనూ త్రాగిన నీరు ఒంటిలోనే నిలుస్తుంది. వదలిపోవలసిన లవణాలు రక్తంలోనే పేరుకుంటాయి. మంగళవారానికీ గురువారానికీ నడుమ ఒక్క రోజు; గురువారానికీ శనివారానికీ నడుమ ఒక్క రోజు; శనివారానికీ మంగళవారానికీ నడుమ మాత్రం రెండు రోజులు. రోగులకు మిక్కిలి జాగ్రత్త అవసరమైన ఎడమని వైద్యులు చెప్పేది కూడా దీనినే. మనకు ఆదివారం సెలవు దినం. మా మిత్రునికి అది ఊరు దాటడానికి వీలున్న ఒకే ఒక దినం.

"మంగళారానికి నాను మంచం మీద ఉండాల మాస్టారూ. ఆలోపు ఎల్లి రాగలిగినంత దూరమే నాకు లోకం" అని ఆయన ఒకమారు అన్నాడు. విచారంతో అన్న మాట కాదు. బట్టీలో పిక్కల తూకం చెప్పినట్లు చెప్పాడు.

ఉద్దానమంటే ఏమిటో దూరప్రాంతాల శ్రోతలకు రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. ఉద్యానమనే మాటే వాడుకలో ఉద్దానమైంది. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం మండలాలలో సముద్రతీరం వెంబడి కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలతో నిండిన నేల ఇది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాసకు చేరువలోనే తీరం దాటి ఆ తోటలను ఒక్క రాత్రిలో నేలమట్టం చేసింది. కొబ్బరిచెట్టు తిరిగి కాపుకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో తోట ఉన్నవారిని అడిగితే తెలుస్తుంది. తుఫాను కన్నా ముందు నుండీ ఇక్కడ ఉన్నది మూత్రపిండాల వ్యాధి. చక్కెర వ్యాధి గాని, రక్తపు పోటు గాని లేనివారికి సైతం, ఎండలో పనిచేసే రైతుకూలీలకు ఎక్కువగా, ఈ వ్యాధి వస్తుంది. నీరనీ, నేలలోని లోహాలనీ, పురుగుమందులనీ, ఎండకు ఒంటి నీరు ఇంకిపోవడమనీ, వంశపారంపర్యమనీ పరిశోధకులు ఒక్కొక్కదానినీ పట్టి చూశారు. ఇదియే కారణమని నిశ్చయంగా తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రం, దానితోపాటు రెండువందల పడకల ఆసుపత్రి ప్రారంభమైనాయి. వంశధార నీటిని హిరమండలం నుండి గొట్టాల ద్వారా ఉద్దానం పల్లెలకు తెచ్చే పథకాన్నీ ఆనాడే ప్రారంభించారు. ఒకప్పుడు ఈ రోగులు చికిత్సకై విశాఖపట్నం దాకా పోయేవారు. పోయి రావడంలోనే వారం గడిచిపోయే మనిషికి ఫుట్‌బాల్ ఆట ఎక్కడిది?

జీడితోటల నడుమ పుట్టినవానికి ఈ ఆట మీద ఇంత మక్కువ ఎట్లా కలిగిందని అడగవచ్చును. దీనికి రైలు కారణం. మా మిత్రుని తండ్రి ఖరగ్‌పూరులో రైల్వే కార్ఖానా పనివాడు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వెళ్ళిన తెలుగువారు ఆ ఊరిలో పేటలకు పేటలుగా ఉన్న సంగతి అందరికీ తెలిసినదే. బెంగాల్ నాగపూర్ రైల్వేకు కలకత్తా లీగులో పేరుపడిన ఫుట్‌బాల్ జట్టు ఉండేది. జనం దానిని బి.ఎన్.ఆర్. అనే మూడక్షరాలతోనే పిలిచేవారు. ఆ జట్టులో అప్పలరాజు అనే ముందువరుస ఆటగాడు ఉండేవాడు. 1964లో ఆసియా కప్ పోటీలలో భారతదేశం దక్షిణకొరియాను 2-0 తో ఓడించినప్పుడు మొదటి గోలు చేసినది ఆయనే. ఆ పోటీలలో మనకు రెండవస్థానం లభించింది. అప్పలరాజు అనే పేరు విన్న తరువాత ఏ ప్రాంతపు పేరని అడగవలసిన పని లేదు. సింహాద్రి అప్పన్న పేరు పిల్లలకు పెట్టుకునే నేల ఎంతవరకో మనకు తెలియనిదా?

అంతకు ముందు తరంలో ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో వెంకటేష్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే ఐదుగురు ముందువరుసలో ఆడేవారు. కలకత్తా వారు వారిని పంచపాండవులన్నారు. ఐదుగురూ దక్షిణదేశం నుండి పోయినవారే. వారి కాలంలో ఆ క్లబ్బు 1949, 1950, 1951 సంవత్సరాలలో వరుసగా మూడు మార్లు ఐ.ఎఫ్.ఏ. షీల్డును గెలుచుకున్నది. తరువాత సికింద్రాబాదు నుండి వెళ్ళిన తులసీదాస్ బలరాం అదే ఎరుపు బంగారు వర్ణాల చొక్కా తొడిగి ఆడాడు. 1960లో రోము ఒలింపిక్సులో హంగేరీ మీద గోలు చేసినవాడు ఆయనే. మా మిత్రుని తండ్రి ఈ పేర్లను పిల్లలకు ఎక్కాలతో పాటు నేర్పాడట. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు 1920లో పుట్టింది. దేశవిభజన తరువాత ఇండ్లూ వాకిళ్ళూ వదలి వచ్చినవారు దానిని తమ ఊరుగా భావించారు. ఉన్న ఊరు విడిచి పొరుగు రాష్ట్రంలో అద్దె ఇంట కాపురమున్న తెలుగు పనివానికి అది ఎందుకు నచ్చిందో మేము వివరించనక్కరలేదు.

మా మిత్రునికి మరొక జట్టు మీద కూడా ప్రేమ ఉన్నది. ఆ జట్టు సముద్రాలకు ఆవల, స్పెయిను దేశంలో బాస్కు జాతివారి నగరమైన బిల్బావులో ఉన్నది. పేరు అథ్లెటిక్. యంత్రం ప్రక్కన పడుకొని ఉండే నాలుగు గంటలలో కుడిచేతితో సెల్‌ఫోను పట్టుకొని ఆయన లోకంలోని ఫుట్‌బాల్ అంతా చూశాడు. చూసినవాటిలో దీనిని ఏరుకున్నాడు. నెర్వియోన్ నది ఒడ్డున ఆ నగరం ఇనుపరాతి గనులతోనూ, ఓడలతోనూ పెరిగింది. ఆ వర్తకం వెంట వచ్చిన ఆంగ్ల నావికులూ, ఇంజనీర్లూ ఫుట్‌బాల్‌ను తెచ్చారు. మనకు రైలు తెచ్చినట్లు వారికి ఓడ తెచ్చిందన్నమాట. 1898లో పుట్టిన ఆ క్లబ్బు శతాబ్దానికి పైగా ఒక నియమాన్ని పాటిస్తున్నది: బాస్కు నేల మీద పుట్టినవాడో, అక్కడ ఆట నేర్చి పెరిగినవాడో అయితేనే జట్టులో చోటు. కోట్లు పోసి ఎక్కడి ఆటగానినైనా కొనుక్కునే ఈ కాలంలో ఆ జట్టు స్పెయిను మొదటి తరగతి నుండి ఒక్కసారి కూడా క్రిందికి దిగజారలేదు. ఆ ఘనత గలవి దానితో కలిపి మూడే జట్లు. తక్కిన రెండూ మాడ్రిడ్, బార్సెలోనా మహాసంస్థలు. ఈ నియమం ఇరుకైనదని మేము వాదించాము. అందుకు మా మిత్రుడు విలియమ్స్ సోదరుల కథ చెప్పాడు. వారి తలిదండ్రులు ఘనా దేశం నుండి సహారా ఎడారిలో కొంత దూరం కాలినడకన దాటి స్పెయిను చేరినవారు. పిల్లలు బాస్కు సీమలో ఆట నేర్చారు. నేడు ఆ జట్టుకు వారే కన్నులు. నేల ఎవరిని పెంచితే వారే ఆ నేలవారని ఆ నియమానికి అర్థమట. ఖరగ్‌పూరులో పెరిగిన మనిషి అట్లా అనడంలో వింత లేదు.

ఒక్కమారైనా బిల్బావు పోయి, సాన్ మామేస్ అనే ఆ క్రీడాప్రాంగణంలో ఒక ఆట చూడాలని ఆయన కోరిక. 1913లో కట్టిన పాతదాని స్థానంలో 2013లో క్రొత్తది లేచింది; పాతదానిని అక్కడివారు ఫుట్‌బాల్ దేవాలయమని పిలుచుకునేవారు. మేము ఒక సాయంకాలం కాగితం, పెన్సిలు తీసుకొని లెక్క కట్టాము. శనివారం మధ్యాహ్నం యంత్రం నుండి లేస్తే, పలాస నుండి పెద్ద విమానాశ్రయం ఉన్న ఊరికి ఒక రోజు, అక్కడ నుండి రెండు విమానాలు మారి ఆ ఊరు చేరడానికి మరొక రోజు. ఆట చూడకముందే మంగళవారం వచ్చి కూర్చుంటుంది. ప్రయాణికులైన రోగులకు విదేశాలలోని ఆసుపత్రులలో డయాలిసిస్ ఏర్పాటు చేసుకునే వీలున్నది గాని, దానికి కావలసిన ధనం జీడిపిక్కలు కొట్టినవాని వద్ద ఎక్కడిది? కాగితం మడచి జేబులో పెట్టుకున్నాడు. మరునాడు ఆయనే వచ్చి, భువనేశ్వరంలో జరుగుతున్న పోటీలలో ఈస్ట్ బెంగాల్ అంతిమ ఆటకు చేరిందని, అది ఆదివారం పడిందని చెప్పాడు.

వైద్యుని అనుమతి తీసుకున్నాము. ఆయన కొన్ని నియమాలు విధించి పంపాడు. శనివారం చికిత్స పూర్తి కాలం జరగాలి, ఒక్క నిమిషం తగ్గరాదు. రోజుకు త్రాగే ద్రవమంతా కలిపి ముప్పాతిక లీటరు దాటరాదు. ఉప్పు, ఊరగాయ కూడదు. అరటిపండు, కొబ్బరినీరు, జీడిపప్పు ముట్టరాదు. వాటిలోని పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పవచ్చును. ఈ చివరి నియమం దగ్గర మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. కొబ్బరితోటలో పుట్టి, జీడిపప్పు చేసి బ్రతికినవానికి ఆ రెండే నిషేధం. ఎడమచేతి మణికట్టు మీద రక్తనాళాలను కలిపి కుట్టిన చోటు ఒకటి ఉంటుంది; అక్కడ వ్రేలు పెట్టి చూస్తే లోపల రక్తం జివ్వున పారడం తెలుస్తుంది. యంత్రపు సూదులు గుచ్చడానికి అదే దారి. ఆ చేతి మీద బరువు పడరాదు, దానిని ఎవరూ గుంజరాదు. ఆటస్థలంలో జనం ఎట్లా ఉంటారో వైద్యునికి తెలిసే ఉంటుంది. ఈ మాట రెండుసార్లు చెప్పాడు.

బండి కదిలింది. సుమ్మాదేవి, మందస రోడ్డు, బారువ, సోంపేట, ఇచ్ఛాపురం దాటితే రాష్ట్రం మారుతుంది. తోటలు మారవు, మాటలు కూడా ఒక్కసారిగా మారవు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడక పూర్వం పలాస, టెక్కలి, బరంపురం అన్నీ గంజాం జిల్లాలోనే ఉండేవి. మా శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. పెట్టెలో ఎదుటి బల్ల మీది వృద్ధురాలు మమ్ములను తెలుగులో పలకరించి, కుమారునితో ఒరియాలో మాట్లాడి, పల్లీలు అమ్మేవానితో రెండూ కలిపి బేరమాడింది. జీడిపప్పు బావ ఈ అవకాశాన్ని వదలక, కళింగ దేశం ఒక్కటే గనుక అందరమూ ఒడిశా జట్టు పక్షాన ఉండడం ధర్మమని ఉపన్యసించాడు. ఒడిశా జట్టు 2023 ఏప్రిల్‌లో కోళిక్కోడులో బెంగుళూరును 2-1 తో ఓడించి ఇదే కప్పును గెలిచినదని, దానిని ఇంటి దగ్గర నిలబెట్టుకోవడంలో పొరుగువారు తోడ్పడాలని ఆయన వాదం. "కప్పు మీ ఇంట్లో ఒకేడు ఉంది గదేటి బావా, మావోలు పన్నెండేళ్ళనుండి కాసుకు కూకున్నారు" అని మా మిత్రుడు బదులు చెప్పాడు. 2012లో ఫెడరేషన్ కప్ గెలిచిన తరువాత ఈస్ట్ బెంగాల్‌కు జాతీయస్థాయి కప్పు దక్కలేదన్న మాట నిజమే.

రంభ దాటిన తరువాత కుడివైపున చిల్కా సరస్సు కనిపిస్తుంది. చలికాలమగుటచేత నీటి మీద పక్షులు గుంపులు గుంపులుగా ఉన్నాయి. మా టెక్కలి మండలంలో తేలినీలాపురానికి కూడా ఈ ఋతువులోనే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. వాటిని ఊరివారు ఆడపడుచుల వలె చూసుకుంటారు. కుమారుడు కిటికీ దగ్గర కూర్చుని పక్షులను లెక్కిస్తూ ఉంటే తండ్రి నీటిసీసాను చూసుకుంటున్నాడు. అది అర లీటరు సీసా. దాని మీద కలముతో నాలుగు గీతలు గీశాడు: రైలులో ఒకటి, భోజనం వేళ ఒకటి, ఆట ముందు ఒకటి, ఆటలో ఒకటి. మిగిలిన పావు లీటరు రాత్రి మాత్రలకూ తిరుగు ప్రయాణానికీ. దాహమైనప్పుడు చిన్న నిమ్మచెక్క నాలుక మీద పెట్టుకునేవాడు. శీతకాలం మాకు మేలు చేసింది. వేసవిలో ఈ ప్రయాణానికి మేము సాహసించి ఉండేవారము కాము.

భువనేశ్వరంలో దిగి చేసిన తక్కిన పనులను గూర్చి చెప్పడానికి ఎక్కువ లేదు. లింగరాజస్వామి గోపురాన్ని దూరం నుండి చూసి నమస్కరించాము. పెద్దల తీర్పును కొంతవరకు గౌరవించినట్లైంది. ఉప్పు వేయని కూరను సత్రంవారు చేయలేరు గనుక ఇంటి నుండి తెచ్చిన అన్నమే చెట్టు నీడలో తిన్నాము. సాయంకాలానికి నయాపల్లి చేరాము.

కళింగ క్రీడాప్రాంగణం 1978లో ఏర్పడినది. ప్రపంచ హాకీ పోటీలు అక్కడ 2018లోనూ, 2023లోనూ జరిగాయి. ఫుట్‌బాల్ మైదానం మరీ పెద్దది కాదు. అందువలన ఎక్కడ కూర్చున్నా ఆటగాని ముఖం కనిపిస్తుంది. రాత్రిబండ్లలో కలకత్తా నుండి వచ్చినవారు ఎరుపు బంగారు వర్ణాల జెండాలు కప్పుకొని వీధి నిండా ఉన్నారు. ఒకడు అట్టతో చేసిన పెద్ద ఇలసచేపను నెత్తిన పెట్టుకొని నాట్యమాడుతున్నాడు. ఈస్ట్ బెంగాల్ వారికి ఇలసచేప చిహ్నం; వారి ప్రత్యర్థులైన మోహన్ బగాన్ వారికి రొయ్య. సముద్రంలో ఇలసగా ఉన్నదే గోదావరి ఎదురెక్కి పులస అవుతుందని మేము చెప్పబోయాము గాని, ఆ సందడిలో వినేవాడెవడు?

ద్వారం దగ్గర త్రొక్కిసలాట మొదలైంది. కుమారుడు తండ్రి ఎడమవైపు వచ్చి నిలిచాడు. బావ ముందు, మేము వెనుక. మిత్రుడు ఎడమచేతిని రొమ్మునకు ఆనించుకొని పైన శాలువ కప్పుకున్నాడు, చంటిబిడ్డను ఎత్తుకున్నవాని వలె. వెనుక నుండి నెట్టుతున్న బెంగాలీ యువకుడొకడు శాలువ క్రింద పట్టీ చూసి, ఏమీ అడగకుండానే, తన మిత్రులతో ఏదో అన్నాడు. ఐదారుగురు చేతులు పట్టుకొని దడి వలె నిలిచి మమ్ములను లోపలికి పంపారు. ఆ యువకుడు అడిగిన ప్రశ్న ఒక్కటే, ఏ జట్టు అని. మిత్రుడు బాల్యంలో ఖరగ్‌పూరులో నేర్చిన బెంగాలీలో బదులు చెప్పాడు, అప్పారావు పేరు కూడా చేర్చి. డెబ్బై ఏళ్ళ నాటి ఆ పేరు వారికి తెలుసు. తాత చెప్పాడని ఒకడు అన్నాడు.

ఆటను గూర్చి పత్రికలలో వ్రాశారు గనుక మేము పూర్తిగా వర్ణించము. 39వ నిమిషంలో ఒడిశా పక్షాన బ్రెజిల్ దేశస్థుడు డియెగో మరీషియో మొదటి గోలు చేశాడు. బావ లేచి గంతులు వేశాడు. ఎరుపు బంగారు గుంపు నడుమ కూర్చొని ఆయన చేసిన ఆ సాహసం కప్పుకు తగినదే. విరామం తరువాత నందకుమార్ శేఖర్ లెక్క సరి చేశాడు. ఇతడు అంతకు ముందటి ఏడు ఒడిశా జట్టులో ఉండి ఈ కప్పునే గెలిచినవాడు. 62వ నిమిషంలో సావుల్ క్రెస్పో పెనాల్టీని గోలుగా మలచగా ఈస్ట్ బెంగాల్ 2-1 తో ముందుకు పోయింది. ఇక మిగిలినది నిలబెట్టుకోవడమే. తొంభై నిమిషాలు నిండాయి. రిఫరీ ఈల నోటిలో పెట్టుకోవడం, జనం ఊపిరి బిగబట్టడం, సీసాలో నాలుగవ గీత నీరు అయిపోవడం ఒక్కసారే జరిగాయి. అప్పుడు, అదనపు క్షణాలలో ఎనిమిదవ నిమిషాన, ఒడిశాకు పెనాల్టీ లభించింది. మొరాకో దేశస్థుడు అహ్మద్ జాహూ బంతిని వలలోనికి పంపాడు. 2-2. మరి ముప్పై నిమిషాల ఆట.

పన్నెండేళ్ళ నిరీక్షణ ఎనిమిది నిమిషాలలో జారిపోయినప్పుడు మనుష్యులు ఎట్లా ఉంటారో ఆ గ్యాలరీలో చూశాము. ఇలసచేప ధరించినవాడు దానిని ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు. మా మిత్రుడు రక్తపు పోటు మాత్రను నీరు లేకుండానే మింగడానికి ప్రయత్నిస్తున్నాడు. తిరుగు ప్రయాణపు నీరు ఇప్పుడే త్రాగితే రైలులో ఏమీ మిగలదు. కుమారుడు తన సీసా తీసి మూతలో పోసి ఇచ్చాడు, ఒక్క మూతెడు. ఇక వెళ్ళిపోదామా అని మేము అడిగాము. అడుగవలసిన బాధ్యత మాది. "ఇన్నాళ్ళూ నాను మెషీను మీద గంటలు లెక్కెట్టినోణ్ణి. ముప్పై నిమిషాలు ఓ లెక్కా మాస్టారూ?" అన్నాడు.

111వ నిమిషంలో క్లేటన్ సిల్వా గోలు చేశాడు. ఈస్ట్ బెంగాల్ నాయకుడు ఆయనే. ఆ తరువాత తొమ్మిది నిమిషాలు ఏమి జరిగిందో మాకు తెలియదు, మేము మిత్రుని చేతిని చూస్తూ ఉన్నాము. ఆయన కుడిచేతితో తొడ చరుస్తూ ఎడమచేతిని మాత్రం శాలువ క్రింద కదలనీయలేదు. చివరి ఈల మ్రోగినప్పుడు చుట్టూ ఉన్న బెంగాలీలు ఒకరినొకరు కౌగిలించుకొని ఏడ్చారు. ఆయన వద్దకు వచ్చినవారు కౌగిలించుకోకుండా నుదుటికి నుదురు ఆనించి పోయారు. ద్వారం దగ్గర యువకుడు మాట చెప్పి ఉంచాడనుకుంటాము. బావ ఓటమిని మర్యాదగానే స్వీకరించి, స్టేషనులో అందరికీ టీ త్రాగించాడు. మిత్రునికి గుక్కెడే పోయించి, మిగిలినది తానే త్రాగి, ఇది కూడా ఓడినవాని వంతేనన్నాడు.

అర్ధరాత్రి దాటిన తరువాత బండి దొరికింది. సోమవారం తెల్లవారే వేళకు పలాసలో దిగాము. మంగళవారం ఉదయం ఆసుపత్రిలో తూకపుబల్ల మీద నిలబెట్టి చూసినప్పుడు శనివారం నాటి బరువు మీద కిలోమ్‌ముప్పాతిక మాత్రమే పెరిగింది. ఇంటి వద్ద ఊరక కూర్చున్న వారాలలో సైతం రెండున్నర పెరిగిన మనిషి. నర్సు ఆశ్చర్యపడి, ఈసారి నీళ్ళు త్రాగలేదా అని అడిగింది. త్రాగడానికి తీరిక లేదని ఆయన చెప్పాడట. ప్రక్క మంచం మీద కవిటి నుండి వచ్చిన యువకుడొకడు ఆట సంగతంతా విని, ఒడిశా జట్టు ఎందుకు ఓడిందని నాలుగు గంటలూ వాదించాడు. అప్పటి నుండి ఆ గదిలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. అంతకు ముందు అక్కడ మాటలు రక్తపరీక్షల అంకెలను గూర్చే సాగేవి.

ఆ ఏడే ఏప్రిల్ 6న బిల్బావు జట్టు సెవిల్ నగరంలో మయోర్కా జట్టును పెనాల్టీలలో ఓడించి స్పెయిను రాజు పేరిట ఇచ్చే కప్పును గెలిచింది. 1984 తరువాత నలభై సంవత్సరాలకు ఆ కప్పు వారికి దక్కింది. అటువంటి విజయం కలిగినప్పుడు ఆటగాండ్రను గబర్రా అనే సరకుల పడవ మీద ఎక్కించి నెర్వియోన్ నదిలో ఊరేగించడం అక్కడి ఆచారం. 1983, 1984 సంవత్సరాలలో తిరిగిన ఆ పడవ నలభై ఏళ్ళు ఊరేగింపు లేక ఊరకే ఉన్నది. ఏప్రిల్ 11న దానిని మరల నదిలో దింపారు. ఆనాడు గురువారం, మన దేశంలో అది రాత్రివేళ. చికిత్స ముగించుకొని వచ్చి, అలసటతో మంచం మీద పడుకొని, మా మిత్రుడు సెల్‌ఫోనులో ఆ ఊరేగింపు చూశాడు. మేమూ, బావా ప్రక్కనే ఉన్నాము. రెండు ఒడ్డులా లక్షల జనం, నది నిండా చిన్న పడవలు. మా భావనపాడు తీరంలో గంగమ్మ పండుగ నాడు పడవలను అలంకరించినట్లే ఉన్నదని బావ అన్నాడు. మిత్రుడు మాట్లాడలేదు. చాలాసేపటికి, ఆ పడవకు ఇంజను లేనట్టుందని, దానిని మరొక పడవ లాగుతున్నదని, అది గమనించారా అని అడిగాడు. మేము గమనించలేదు.

క్రొత్త సంవత్సరపు ఆటల పట్టిక వచ్చినప్పుడు కుమారుడు దానిని అచ్చు తీయించి తెచ్చాడు. భువనేశ్వరంలో ఆదివారం పడిన ఆటలకు మాత్రమే తండ్రి ఎర్ర సిరాతో గుర్తు పెట్టాడు; వేసవి ఆటలను కొట్టివేశాడు. మిగిలినవి మూడు. టిక్కెట్ల పని మాకు అప్పగించాడు. ఒడిశా పక్షాన కూర్చోవడానికి చోటు వేరుగా తీయమని బావ కబురు పంపాడు.